పాట, బాట, మాట: పెదాలు చదవాలా, అక్షరాలు చదవాలా, చేతులు చూడాలా?

అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రానివ్వకుండా పాట, బాట, మాట అని వరసగా అనండి. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. తేడా అంతా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, అద్దానికి అది దొరకదు. ఇప్పుడు పాలు, వాలు, కాలు అని చూడండి. మొదటిదానికి పెదాలు మూసుకుంటాయి, రెండోదానికి కింది పెదవి పై పళ్లకు ఆనుతుంది, మూడోదానికి ముందు భాగంలో ఏమీ కదలదు. కాస్త శ్రద్ధగా చూస్తే ఎవరైనా విడదీయగలరు. లిప్ రీడింగ్ బలమేమిటో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఈ ఆరు మాటల్లోనే తెలిసిపోతుంది.

వినికిడి తగ్గినవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. పెదాలు చూడటం నేర్చుకోమని ఒకరు, మెషిన్ పెట్టుకోమని ఒకరు, ఫోన్‌లో మాటలను అక్షరాలుగా చూపించే క్యాప్షన్లు వస్తాయి కదా అని ఇంకొకరు, పిల్లలైతే సైగల భాష నేర్పించమని మరొకరు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి వదిలేయాలన్నట్టు చెబుతారు. నిజానికి వీటిలో చాలావాటిని జతగా వాడుకోవాలి. ఏ జత అన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: చెవిలో ఇంకా ఎంత మిగిలి ఉంది, మాట్లాడుకునేది ఎలాంటి చోట.

కన్ను ఇచ్చేది, చెవి ఇచ్చేది

ఒక హల్లును పోల్చుకోవాలంటే మూడు విషయాలు తెలియాలి. అది నోట్లో ఎక్కడ పుట్టింది: పెదాల దగ్గరా, పళ్ల దగ్గరా, వెనక గొంతు దగ్గరా? గొంతు మోగిందా లేదా (ప, బల తేడా)? గాలి ముక్కులోంచి వచ్చిందా (బ, మల తేడా)? 1955లో మిల్లర్, నైస్లీ అనే పరిశోధకులు ఇంగ్లీషు హల్లులను రొద మధ్య వినిపించి, ఏది దేనితో తారుమారవుతోందో లెక్కగట్టారు. రొద పెరిగేకొద్దీ ముందుగా చెదిరిపోయింది 'ఎక్కడ పుట్టింది' అన్న సమాచారమే. గొంతు మోత, ముక్కు మోత మాత్రం చాలా రొదలోనూ తట్టుకుని నిలబడ్డాయి.

కన్ను సంగతి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఎక్కడ పుట్టిందో చూస్తుంది. మోగిందో లేదో, ముక్కులోంచి వచ్చిందో లేదో చూడలేదు. చెవి పోగొట్టుకునేదే కన్ను అందిస్తుంది. ఈ పొత్తు అర్థమైతే మిగతా ఎంపికలన్నీ తేలికవుతాయి.

వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా పై ఫ్రీక్వెన్సీలను, అంటే కీచుగా ఉండే సన్నని శబ్దాలను, ముందు తినేస్తుంది. స, శ, త, చ లాంటి హల్లుల గుర్తులు ఉండేది అక్కడే. అచ్చులు, గొంతు మోత కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి కాబట్టి మిగులుతాయి. 'వినబడుతోంది గానీ మాట తెలియట్లేదు' అనే ఫిర్యాదు పుట్టేది ఇందువల్లే. ఇలాంటివారికి ముఖం చూస్తూ వినడం వల్ల కలిగే లాభం ఊహించినదానికన్నా చాలా ఎక్కువ. రొద ఎక్కువయ్యేకొద్దీ ముఖం చూడటం వల్ల ఒరిగే లాభం పెరుగుతుందని సమ్‌బీ, పోలాక్ 1954లోనే చూపించారు. నెదర్లాండ్స్‌లో 1984లో జరిగిన ఒక ప్రయోగంలో, శబ్దం ఏమీ లేకుండా పెదాలు మాత్రమే చూసినవాళ్లు సుమారు 23 శాతం అక్షరాలు పట్టుకున్నారు. మాట మొత్తం వినిపించకుండా, రెండు ఫ్రీక్వెన్సీ పట్టీల్లో శబ్దం హెచ్చుతగ్గులను మాత్రం జోడిస్తే అది సుమారు 87 శాతానికి ఎగబాకింది. ఆ శబ్దాన్ని ఒంటరిగా వింటే మాటలా అనిపించదు.

కాబట్టి మొదటి సలహా ఇదే: చెవిలో కొంచెమైనా మిగిలి ఉంటే, 'ఎలాగూ సరిగ్గా వినబడదు' అని హియరింగ్ ఎయిడ్‌ను సొరుగులో పడేసి పెదాల మీదే ఆధారపడకండి. ఒంటరిగా ఎందుకూ పనికిరానట్టు అనిపించే ఆ కాస్త శబ్దమే పాటకూ మాటకూ తేడా చెబుతుంది.

తెలుగు మాట పెదాల మీద ఎలా కనిపిస్తుంది

లిప్ రీడింగ్ పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు కోసం రాసినవి. తెలుగుకు వాటిని ఉన్నదున్నట్టు వాడితే దెబ్బతింటాం, అందుకని ఈ సంగతి కాస్త విడమరిచి చూద్దాం.

కంటికి తెలుగు హల్లులు కొన్ని గుంపులుగానే కనిపిస్తాయి. ప, ఫ, బ, భ, మ ఒక గుంపు: పెదాలు పూర్తిగా మూసుకుంటాయి, అందరికన్నా స్పష్టం. వ, ఇంకా ఫోను, ఆఫీసు లాంటి మాటల్లోని ఫ మరో గుంపు: కింది పెదవి పళ్లకు తగులుతుంది. చ, జ, శ, ష లకు పెదాలు కొద్దిగా ముందుకొస్తాయి. త, ద, న, ల, స లకు నాలుక కొస పళ్ల వెనక మెరుస్తుంది, వెలుతురు బాగుంటేనే. ట, డ, ణ, ళ లకు నాలుక వెనక్కి మడతపడి నోట్లోనే దాక్కుంటుంది. క, గ, హ లకు బయట కనిపించేది దాదాపు ఏమీ లేదు. ఒత్తక్షరాలు, అంటే ఖ, ఘ, ధ, భ లాంటివి, మామూలు అక్షరాలతో పోలిస్తే కంటికి తేడా చూపవు.

అచ్చులు మాత్రం మనకు బాగా కలిసొస్తాయి. ఆ అంటే నోరు నిలువుగా తెరుచుకుంటుంది, ఈ అంటే పెదాల మూలలు పక్కలకు సాగుతాయి, ఊ అంటే గుండ్రంగా ముడుచుకుంటాయి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ప్రతి మాట చివరా కంటికి ఒక గుర్తు దొరుకుతుంది. 'వచ్చాడు' చివర పెదాలు గుండ్రం, 'వచ్చింది' చివర సాగిన పెదాలు. క్రియ చివర చూస్తే ఎవరి గురించి మాట్లాడుతున్నారో సగం తెలిసిపోతుంది. 'వచ్చాము' చివర పెదాలు మూసుకుంటాయి, 'వచ్చారు' చివర మూసుకోవు. 'వచ్చావు' అంటే కింది పెదవి పళ్లను తాకుతుంది.

అయితే ఇక్కడే ఒక గుంట కూడా ఉంది. 'వచ్చాను', 'వచ్చాడు' కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి. తాను వచ్చానన్నారో, వాడు వచ్చాడన్నారో పెదాలు చెప్పవు. సందర్భం చెప్పాలి, లేదా చెవి చెప్పాలి. 'వద్దు', 'వచ్చు' జంట ఇంకా ప్రమాదం. మధ్యలో పెదాలు కొద్దిగా ముందుకొచ్చాయా లేదా అన్నదొక్కటే తేడా. నెమ్మదిగా మాట్లాడితే తెలుస్తుంది, మామూలు వేగంలో జారిపోతుంది. వద్దనేటప్పుడు తల అడ్డంగా ఊపే అలవాటున్నవాళ్ల దగ్గర ఈ చిక్కు రాదు. తల కదలిక అలంకారం కాదు, మాటలో భాగమే. మాటతో పాటు సహజంగా తల కదులుతుంటే వినేవాళ్లు ఎక్కువ అక్షరాలు పట్టుకుంటారని ప్రయోగాల్లో కూడా తేలింది.

అంకెల విషయంలో ఇరవై, అరవై జంటను విడదీసేది మొదటి అచ్చు ఒక్కటే. డెబ్బై, తొంభై కూడా అంతే: మొదటిదానికి పెదాలు సాగుతాయి, రెండోదానికి గుండ్రమవుతాయి, తర్వాత రెండూ ఒకటే. మనలో చాలామంది అంకెలు ఇంగ్లీషులో చెబుతారు కదా, అక్కడ ఫిఫ్టీ, ఫిఫ్టీన్ జంట కాచుకుని ఉంటుంది. చివరి 'న్' పెదాల మీద కనబడదు. మందు మోతాదు, బస్సు నంబరు, డబ్బు లెక్క ఏదైనా సరే, అంకెను విడివిడిగా 'ఒకటి, ఐదు' అని చెప్పమనండి, లేదా రాసి చూపించమనండి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

ఒకే వాక్యంలో తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడటం పెదాలు చదివేవాళ్లకు అదనపు బరువు. తర్వాత రాబోయే మాట ఏ భాషదో తెలియకపోతే మెదడు వెతకాల్సిన గుంపు రెట్టింపవుతుంది. వినికిడి తగ్గినవారితో మాట్లాడేటప్పుడు ఏదో ఒక భాషకు కట్టుబడితే ఖర్చు లేకుండా దొరికే సాయం అది.

పెదాలు మాత్రమే, లేక యంత్రంతో కలిపి?

ఆడియోగ్రాంలో, అంటే వినికిడి పరీక్ష కాగితంలో, ఉన్న సంఖ్యను బట్టి స్థూలంగా ఇలా ఆలోచించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం 20 నుంచి 35 డెసిబెల్స్ లోపు స్వల్పం, 35 నుంచి 50 లోపు మధ్యస్థం, 50 నుంచి 65 లోపు అంతకన్నా ఎక్కువ, 65 నుంచి 80 లోపు తీవ్రం, 80 నుంచి 95 లోపు అతి తీవ్రం. ఈ సంఖ్య బాగా వినిపించే చెవిది.

స్వల్పమైతే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురెదురుగా కూర్చుంటే ముఖం చూడటమే చాలావరకు సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది రొదలోనూ దూరంలోనూ. మధ్యస్థం నుంచి తీవ్రం దాకా హియరింగ్ ఎయిడ్, ముఖం చూడటం రెండూ కలిసి ఉండాలి; ఏది వదిలేసినా సగం పోయినట్టే. అతి తీవ్రమైన లోపానికి హియరింగ్ ఎయిడ్ వల్ల మాట తెలియకపోయినా, గొంతు మోత లయ తెలిస్తే అదీ పెదాలకు తోడవుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి యంత్రం) సరిపడుతుందా అని వినికిడి నిపుణులైన ఆడియాలజిస్ట్‌తో మాట్లాడాల్సిన దశ కూడా ఇదే. ఇంప్లాంట్ పెట్టించుకున్నాక 'ఇక పెదాలు చూడకూడదు' అని కొందరు పట్టుబడతారు. వినే సాధన కోసం రోజూ కాసేపు నోరు కనబడకుండా వినడం సరే. మిగతా రోజంతా అలా ఉండాలనడం మాత్రం మనిషిని అనవసరంగా అలసిపోయేలా చేస్తుంది.

శబ్దం బొత్తిగా లేకుండా పెదాల మీదే నెట్టుకురావాల్సి వస్తే మనుషుల మధ్య తేడా చాలా పెద్దది. చిన్నప్పటి నుంచీ వినికిడి లేని పెద్దవాళ్లలో కొందరు వాక్యంలో అత్యధిక భాగం చూసే పట్టుకుంటారు. వినికిడి ఉన్నవాళ్లలో చాలామంది శబ్దం తీసేస్తే కొద్ది మాటల దగ్గరే ఆగిపోతారు. ఆ తేడాకు తెలివితేటలతో సంబంధం లేదు. కాబట్టి 'ఫలానావారు పెదాలు చూసి మొత్తం చెప్పేస్తారు' అన్న కబురు విని ఇంట్లో పెద్దాయన మీద అదే ఆశ పెట్టుకోకండి.

దగ్గరికి జరగాలా, రిమోట్ మైక్ కొనాలా?

ఖాళీ ప్రదేశంలో దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో ఉన్న మనిషి నాలుగు మీటర్లకు వెళ్తే 12 డెసిబెల్స్ పోయినట్టే, గది రొద మాత్రం అలాగే ఉంటుంది. హియరింగ్ ఎయిడ్ ఆ రొదనూ పెంచుతుంది. మరోపక్క కంటికి అతి స్పష్టంగా కనిపించేది చూపు మధ్యలో సుమారు 2 డిగ్రీల మేర మాత్రమే. మీటరున్నర దూరంలో అది దాదాపు 5 సెంటీమీటర్లు, అంటే ఒక నోటి వెడల్పు. కన్ను, చెవి రెండూ కలిసొచ్చే దూరం మీటరు నుంచి రెండు మీటర్లు. మరీ దగ్గరికొచ్చి చెవిలో చెప్పేవాళ్లు సాయం చేస్తున్నామనుకుంటారు గానీ ముఖాన్ని పూర్తిగా దాచేస్తారు.

ఇంట్లో, ఇద్దరు ముగ్గురి మధ్య అయితే దగ్గరికి జరగడమే మేలు. తరగతి గది, మీటింగ్, కారు లాంటి చోట్ల దగ్గరికి జరగలేం. అక్కడ మాట్లాడేవారి చొక్కాకు, నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద, మాటను నేరుగా హియరింగ్ ఎయిడ్‌కు పంపే రిమోట్ మైక్ తగిలిస్తే, నాలుగు మీటర్ల దూరంతో పోలిస్తే మాట సుమారు 26 డెసిబెల్స్ మేర బలంగా అందుతుంది. ఏ హియరింగ్ ఎయిడ్ సెట్టింగూ ఇంత ఇవ్వలేదు. కారులో పక్క సీటులో ఉన్నవాళ్ల ముఖం పక్క నుంచే కనబడుతుంది కాబట్టి అక్కడ మైక్ విలువ ఇంకా పెరుగుతుంది. కొనేముందు మీ హియరింగ్ ఎయిడ్‌కు అది జతవుతుందో లేదో చూసుకోండి. ఒక కంపెనీ మైక్ ఇంకో కంపెనీ యంత్రంతో తరచూ పని చేయదు. మైక్‌ను జేబులోకి, కండువా కిందికి జారనిస్తే గుడ్డ రాపిడి చప్పుడే వినిపిస్తుంది.

మైక్ ఉంది కదా అని వెనక్కి తిరిగి బోర్డు మీద రాస్తూ మాట్లాడే ఉపాధ్యాయుల దగ్గర సగం లాభం పోతుంది. రాసేటప్పుడు ఆగి, తిరిగాక మాట్లాడమని అడగాలి.

క్యాప్షన్లు: ఎప్పుడు పెదాల కన్నా మేలు

పేర్లు, తేదీలు, కొత్త పదాలు, పరాయి మనిషి యాస: వీటిలో పెదాలు ఓడిపోతాయి, అక్షరాలు గెలుస్తాయి. లిప్ రీడింగ్‌లో సగం పని ఊహ, ఊహకు ముందే తెలిసిన మాట కావాలి. ఎన్నడూ వినని ఊరి పేరును పెదాల మీద చూసి పోల్చుకోవడం ఎవరి వల్లా కాదు.

ఫోన్‌లో వచ్చే ఆటోమేటిక్ క్యాప్షన్లు ఇద్దరి సంభాషణకు, రొద తక్కువగా ఉంటే బాగా పనికొస్తాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, భాషలు కలగలిపినా తడబడతాయి. అన్నిటికన్నా చెడ్డది, తప్పును కూడా అవి అంతే ధీమాగా చూపించడం. పెదాలు చదివేవాళ్లకు తమకు అర్థం కాలేదని చాలాసార్లు తెలుస్తుంది. క్యాప్షన్ చదివేవాళ్లకు అది తప్పని తెలియకపోవచ్చు. 'లేదు', 'కాదు', 'వద్దు' లాంటి చిన్న మాట జారిపోతే అర్థం తలకిందులవుతుంది. అందుకే ఆసుపత్రిలో, కోర్టులో, ఉద్యోగ ఇంటర్వ్యూలో మనిషి టైపు చేసే క్యాప్షన్లు దొరికితే వాటినే ఎంచుకోండి. దొరకకపోతే ఆటోమేటిక్ క్యాప్షన్ చూసి, ముఖ్యమైన మాటను తిరిగి చెప్పి సరిచూసుకోండి.

అక్షరాలు చదువుతూ ఉంటే ముఖం చూడలేం. క్యాప్షన్ ఒకటి రెండు సెకన్లు వెనకబడి వస్తుంది కాబట్టి చూపు అటూ ఇటూ తిప్పేలోపు రెండూ చేజారతాయి. దీనికి మందు ఫోన్ పెట్టే చోటే. బల్ల మీద పడుకోబెట్టకండి. మాట్లాడేవారి గడ్డం కిందుగా, ఛాతీ ఎత్తులో నిలబెడితే చూపు కొద్దిగా దించితే చాలు. మైక్ కూడా వాళ్ల నోటికి దగ్గరవుతుంది, తప్పులు తగ్గుతాయి.

పెదాల వీడియో చూసి మాటలు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాముల వార్తలు చదివి వాటి కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. 2016లో వచ్చిన లిప్‌నెట్ అనే పరిశోధన 90 శాతం పైగా సరిగ్గా చెప్పిందని పేరు తెచ్చుకుంది. కానీ అది పనిచేసింది 51 మాటలతోనే ఒకే మూసలో పోసిన ఆరు మాటల వాక్యాల మీద. రోజువారీ మాటలకు ఇప్పటికైతే మైక్ మీద నడిచే క్యాప్షన్లే దిక్కు.

చిన్న పిల్లలకు: క్యూడ్ స్పీచ్, సైగల భాష

పెద్దవాళ్ల సంగతి వేరు, చాలామందికి భాష వచ్చాక వినికిడి పోయింది. పుట్టుకతోనే వినికిడి లేని పసిబిడ్డకు 'పెదాలు చూసి నేర్చుకుంటుంది' అనడం పెద్ద పొరపాటు. పెదాల మీద కనబడని అక్షరాలను ఊహతో నింపుకోవాలంటే ఆ భాష ముందే వచ్చి ఉండాలి. భాష నేర్చుకోవడానికే పెదాలు కావాలంటే ఇక దారి ఎక్కడ?

క్యూడ్ స్పీచ్ ఈ చిక్కు కోసమే పుట్టింది. అమెరికాలోని గాలొడెట్ కాలేజీలో ఆరిన్ కార్నెట్ 1966లో దీన్ని తయారు చేశారు. మాట్లాడుతూనే ముఖం దగ్గర చెయ్యి ఆడిస్తారు: అమెరికన్ ఇంగ్లీషుకు హల్లుల కోసం 8 చేతి ఆకారాలు, అచ్చుల కోసం 4 స్థానాలు. పెదాలు ఒకేలా ఉన్న అక్షరాలకు చెయ్యి వేరుగా ఉంటుంది. ప శబ్దానికి చూపుడు వేలు, బ శబ్దానికి నాలుగు వేళ్లు, మ శబ్దానికి ఐదు వేళ్లు. పెదాలు, చెయ్యి కలిపి చూస్తే ప్రతి శబ్దమూ తేటగా తెలుస్తుంది. 1982లో అతి తీవ్రమైన లోపం ఉన్న 18 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో, పెదాలు, చేతి గుర్తులు కలిపి చూసినప్పుడు వాక్యాల్లోని ముఖ్యమైన మాటలను 95 శాతం పైగా పట్టుకోగలిగారు. తర్వాత ఇది 60కి పైగా భాషలకు మలచబడింది.

లోటు కూడా స్పష్టమే. చెయ్యి ఆడించాల్సింది మాట్లాడేవాళ్లు. పద్ధతి తెలుసుకోవడం కొన్ని రోజుల పని, మాట వేగంతో చెయ్యి నడవాలంటే నెలల సాధన. ఇంట్లో, బడిలో చేసేవాళ్లుంటే అద్భుతంగా పనిచేస్తుంది. గుమ్మం దాటితే ఎవరికీ తెలియదు.

సైగల భాష ఇలా మాటకు తొడుగు కాదు, సొంత వ్యాకరణం ఉన్న పూర్తి భాష. చెవితో పని లేకుండా పసితనం నుంచే అందుతుంది, ఆ భాష మాట్లాడే సమాజం కూడా దొరుకుతుంది. సైగలు నేర్పితే పిల్లలు మాట్లాడరన్న భయం పాతది. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ మాటకే పెద్దపీట వేసి, బడుల్లోంచి సైగల భాషను వెళ్లగొట్టమంది. ఆ తీర్మానాలను తిరస్కరిస్తున్నామని అదే కోవకు చెందిన మహాసభ 2010లో వాంకూవర్‌లో ప్రకటించడానికి 130 ఏళ్లు పట్టింది. యంత్రమో ఇంప్లాంటో పెట్టించినా సైగల భాషను కూడా మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. యంత్రం ఎంతవరకు పనిచేస్తుందో తేలడానికి నెలలు పడుతుంది, భాష నేర్చుకునే వయసు అంతదాకా ఆగదు. ఇంటి భాషలో చదవడం, రాయడం గట్టిపడాలన్నది లక్ష్యమైతే, నేర్పేవాళ్లు అందుబాటులో ఉంటే, క్యూడ్ స్పీచ్ దానికి తోడుగా నిలుస్తుంది.

వీడియో కాల్, మాస్క్, వెలుతురు

ఆడియో కాల్, వీడియో కాల్ మధ్య ఎంపికలో వీడియోకే ఓటు, అయితే అది సరిగ్గా నడవాలి. సెకనుకు 25 నుంచి 30 ఫ్రేములు ఉంటే పెదాలు బాగా తెలుస్తాయి. ఫ్రేములు బాగా పడిపోతే ప, బ, మ కోసం పెదాలు మూసుకునే ఆ క్షణమే మాయమవుతుంది. నెట్ బలహీనంగా ఉంటే మిగతావాళ్ల కెమెరాలు ఆపించి, మాట్లాడేవారు తెర మీద పెద్దగా నిలిచి ఉండేలా పిన్ చేసుకోండి.

పెదాలకూ శబ్దానికీ పొంతన తప్పితే అసలు వీడియో లేకపోవడమే నయమనిపిస్తుంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డోనల్డ్ చూపించిన వింత తెలిసిందే: 'బ' శబ్దాన్ని 'గ' అంటున్న నోటి బొమ్మతో కలిపితే చాలామందికి 'ద' అని వినిపిస్తుంది. మెదడు మనల్ని అడగకుండానే రెండింటినీ కలిపేస్తుంది. అంతర్జాతీయ ప్రసార ప్రమాణం ప్రకారం శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి గమనిస్తాడు. వెలుగు శబ్దంకన్నా ముందు చేరడం మనకు అలవాటే కాబట్టి వెనకబడితే ఓర్చుకుంటాం, ముందొస్తే ఓర్చుకోలేం. పొంతన తప్పిందనిపిస్తే ముందు బ్లూటూత్ హెడ్‌సెట్ తీసి, వైరు ఉన్నదానితో ప్రయత్నించండి.

మాస్కుల్లో ఎంపిక అంత తేలిక కాదు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పెదాలను దాస్తాయి, శబ్దాన్ని కొద్దిగానే తగ్గిస్తాయి. పారదర్శక ప్లాస్టిక్ మాస్కు పెదాలు చూపిస్తుంది గానీ పై ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా అడ్డుకుంటుంది, పైగా ఊపిరికి ఆవిరి పడుతుంది. పెదాల మీదే ఆధారపడేవాళ్లకు పారదర్శకమైనది నయం. చెవి మీద ఎక్కువగా ఆధారపడేవాళ్లకు సర్జికల్ మాస్కు, దానితో రిమోట్ మైక్ నయం.

వెలుతురు విషయంలో ఒకటే సూత్రం: కిటికీ వినేవాళ్ల వీపు వైపు ఉండాలి. మాట్లాడేవారి వెనక కిటికీ ఉంటే ముఖం నల్లటి ఆకారమే. నెత్తి మీద ఒక్క దీపం ఉంటే పై పెదవి నీడ నోటిలో పడి నాలుక కనబడదు. గుబురు మీసం కూడా పై పెదవిని కప్పేస్తుంది, అంచు కత్తిరిస్తే చాలు, తీసేయక్కర్లేదు.

మాట్లాడేవాళ్లు సాయం చేస్తున్నామనుకుని చేసే తప్పుల్లో రెండు మరీ ఎక్కువ. ఒకటి, అరవడం: అరిస్తే దవడ, పెదాల ఆకారమే మారిపోతుంది, హియరింగ్ ఎయిడ్‌లో శబ్దం చెదురుతుంది. రెండు, ఒక్కో అక్షరం సాగదీసి నోరు పెద్దగా తెరవడం: చూసేవాళ్లకు అలవాటైన కదలిక చెడుతుంది. మామూలు వేగంకన్నా కొంచెం నిదానంగా, వాక్యాల మధ్య చిన్న విరామంతో, ముందుగా విషయమేమిటో చెప్పి మాట్లాడితే చాలు. 'పెళ్లి సంగతి చెబుతున్నా' అన్న ఒక్క ముక్క తర్వాత 'పిల్లి', 'పెళ్లి' తికమక రాదు.

అర్థం కానప్పుడు 'ఏంటీ?' అంటే అవతలివాళ్లు అదే మాట ఇంకా గట్టిగా అంటారు, పెదాల మీద అదే ఆకారం మళ్లీ వస్తుంది. 'రేపు పొద్దున్నే అన్నావు, ఎక్కడికి?' అని పోయిన ముక్కనే అడగండి. చెప్పేవాళ్లు మాట మార్చి చెప్పాలి. నవ్వి తలాడించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఏది పోయిందో ఇద్దరికీ తెలియకుండా పోతుంది.

సాధన చేయాలనుకుంటే

అక్షరాల జంటలను అద్దంలో చూసి విడదీసే సాధన ఒక రకం, మొత్తం వాక్యం భావం పట్టుకునే సాధన ఇంకో రకం. మొదటిది ఒక వారం చాలు, ఏది కనబడుతుందో ఏది కనబడదో తెలియడానికి. ఆ తర్వాత కాలమంతా రెండోదానికే ఇవ్వండి.

దానికి 1978 నుంచి వాడుకలో ఉన్న ఒక పద్ధతి ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒకరు పత్రికలోంచి తేలికైన కథనాన్ని ఒక్కో పదబంధంగా చదువుతారు, వినేవాళ్లు ముఖం చూస్తూ ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. తప్పితే చదివేవాళ్లు మళ్లీ చెప్పాలి, కుదరకపోతే మాట మార్చి సూచన ఇవ్వాలి. సరిగ్గా వచ్చేదాకా ముందుకు పోకూడదు. 5 నిమిషాల్లో ఎన్ని మాటలు దాటారో లెక్కించి 5తో భాగిస్తే నిమిషానికి వేగం తెలుస్తుంది. హియరింగ్ ఎయిడ్ పెట్టుకునే చేయండి, గొంతు తగ్గించి చదవమనండి. రోజుకు 15 నుంచి 20 నిమిషాలు మించకండి. కళ్లు అలిసిపోయాక చేసే సాధనలో తప్పులే స్థిరపడతాయి. ఒక్కరితోనే చేస్తే ఆ ఒక్కరి నోరే చదవడం వస్తుంది, వారానికొకసారైనా మనిషిని మార్చండి.

రెండు నెలల తర్వాత కూడా వేగం కదలకపోతే సాధన పెంచే ముందు కళ్లజోడు చూపించుకోండి. చదివే అద్దాల స్పష్టత చేతి పొడవు దాకానే, దూరపు అద్దాలు అవతలి గోడ కోసం. మీటరున్నర దూరంలోని నోరు ఈ రెండింటికీ మధ్యలో పడుతుంది. బైఫోకల్ గీత సరిగ్గా ఎదుటివారి నోటి మీద పడి, రెండు ముక్కలుగా కనిపిస్తున్నా ఏళ్ల తరబడి గమనించనివాళ్లుంటారు. కళ్ల డాక్టరు దగ్గర 'మీటరున్నర దూరంలో మనిషి ముఖం' అని కొలత చెప్పి, ఆ దూరానికి విడిగా పరీక్షించమనండి.